పైకి లేచిన అంచు ముందు నడవాలి

మా వైపు వేసవికి రెండు గాలులు. పొద్దున తొమ్మిది దాటాక పడమటి నుంచి లేచేది ఒకటి. కోదాడ అవతలి రాతి నేలలూ, జగ్గయ్యపేట చుట్టూ ఉన్న సున్నపురాయి గుట్టలూ, ఎండి నెర్రెలు విచ్చిన నల్లరేగడి చేలూ దాటుకుంటూ వచ్చి మధ్యాహ్నానికి వడగాడ్పు అవుతుంది. రెండోది పైరగాలి. సముద్రం మీద పుట్టి బందరు, గుడివాడ, బెజవాడ దాటి నందిగామకు వచ్చేసరికి బాగా చీకటి పడుతుంది. జగ్గయ్యపేటకు ఇంకా ఆలస్యం. కొన్ని రాత్రులు అసలు రాదు. కృష్ణా జిల్లా అనగానే పంటకాలువలూ కొబ్బరిచెట్లూ తలుచుకునేవాళ్ళకు మా మెట్ట తాలూకాల సంగతి తెలియదు. 2022 ఏప్రిల్ 4న మా మండలాలు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాక ఆఫీసుల ముందు బోర్డులు మారాయి గాని ఎండ మారలేదు. నందిగామలో వాతావరణ శాఖ కేంద్రం ఒకటి ఉంది కాబట్టి మే నెల వస్తే మా ఊరి పేరు టీవీలో రోజూ వినపడుతుంది. అదొక్కటే మాకు దక్కే కీర్తి.

నేను ఫ్యాన్లకూ, పొలం మోటార్లకూ కాయిల్ చుట్టేవాణ్ణి. జగ్గయ్యపేటలో ఒక మేస్త్రిగారి దగ్గర పని నేర్చుకుని నందిగామలో షాపు పెట్టుకున్నాను. ఇప్పుడు బల్ల దగ్గర మా అబ్బాయి కూర్చుంటున్నాడు, నేను కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతుంటాను. వేసవిలో జనం అడిగే ప్రశ్న ఒకటే: ఫ్యాను ఎటు తిరగాలి? కుడికా, ఎడమకా? ఎటు తిరిగితే చల్లగా ఉంటుంది? దీనికి ఒక్క ముక్కలో సమాధానం ఉంది, చివర్లో చెబుతాను. కానీ గాలిని ఎటు నుంచి రానివ్వాలి, ఎటు పోనివ్వాలి అన్నది కరెంటుతో పాటు వచ్చిన ప్రశ్న కాదు. ఈ ఊళ్ళవాళ్ళు దాన్ని అంతకు ఎంతో ముందే తేల్చుకున్నారు.

పాత ఇళ్ళు చూడండి. మా వైపు మిగిలిన పెంకుటిళ్ళలో పడమటి గోడకు కిటికీ ఉండదు, ఉంటే చిన్నది. ఆ పక్కన పశువుల కొట్టమో, గడ్డివామో, కనీసం ఒక వేపచెట్టో ఉంటుంది. వడగాడ్పు ముందు వాటికి తగలాలి. వాకిలి తూర్పుకు. పొద్దెక్కక ముందే తలుపులు మూసి, దీపాలవేళకు తెరిచేవారు. మండువా లోగిళ్ళలో నడిమధ్య ఆకాశం కనపడే ఖాళీ ఉండేది. వేడెక్కిన గాలి అందులోంచి పైకి పోయేది, నీడలో ఉన్న వసారాల్లోంచి కొంచెం చల్లని గాలి దాని చోటుకు జరిగేది. పెంకుల సందులూ ఆ పనే చేసేవి. ఇంజనీరు ఎవరూ వచ్చి గీత గీసి చెప్పలేదు. కళ్ళంలో జొన్నలు తూర్పారపట్టే రైతుకు చేట ఎత్తే ముందు గాలి వాలు చూసుకోవడం అలవాటు. అదే చూపు ఇంటికీ పనికొచ్చింది.

రాత్రి పడకా అంతే. ఆరుబయట నులకమంచం వేస్తే తల ఎటు, కాళ్ళు ఎటు అన్నది శాస్త్రం చూసి కాదు, పైరగాలి చూసి. ఉత్తరానికి తల పెట్టకూడదన్న ఒక్క నియమం తప్ప మిగతాదంతా గాలి ఇష్టం.

ఇక చేతిలో ఉండేది తాటాకు విసనకర్ర. దానికి దిక్కు సమస్యే లేదు, ఎవరి మొహానికి వాళ్ళు తిప్పుకుంటారు. తడిపి విసురుకుంటే కాస్త చల్లదనం. వట్టివేరు తడికలు కట్టి నీళ్ళు చల్లించుకోవడం ఉన్నవాళ్ళ పద్ధతి. లేనివాళ్ళు గుమ్మానికి తడిగోనె కట్టుకునేవారు. రెండింటి కిటుకూ ఒకటే: నీరు ఆవిరవుతూ గాలిలో వేడి పీల్చుకుంటుంది. వైశాఖ మాసంలో విసనకర్ర, గొడుగు, చెప్పులు, నీళ్ళకుండ దానం చెయ్యడం మనకున్న పద్ధతి. వైశాఖంలోనే నరసింహ జయంతి కూడా. జగ్గయ్యపేట వాళ్ళు కృష్ణ ఒడ్డున వేదాద్రికి వెళ్ళేది ఆ ఎండలోనే. దేవుడికి వింజామర, భక్తుడికి విసనకర్ర.

దొరల కాలంలో కచేరీలకూ కోర్టులకూ పంకా వచ్చింది. దూలాల నుంచి వేలాడదీసిన పొడుగాటి చట్రం, దానికి బట్ట కుచ్చులు, దాని తాడు గోడ కన్నంలోంచి వసారాలోకి. వసారాలో కూర్చున్న మనిషి ఆ తాడు లాగుతూ వదులుతూ ఉండాలి. లోపల కూర్చున్నవాడికి గాలి, బయట కూర్చున్నవాడికి చెమట. మద్రాసు రాజధాని అంతటా వేసవి రాగానే పంకా లాగేవాళ్ళను కూలికి పెట్టుకునేవారు. తాడు లాగుతూ కునుకు పడితే తన్నిన దొరలున్నారు. ఆ తన్నులకు మనుషులు చచ్చిపోతే, వాళ్ళ ప్లీహం ముందే చెడి ఉందని చెప్పి తేలిగ్గా వదిలేసిన కేసులూ ఉన్నాయి. వైస్రాయి కర్జన్‌కు కూడా ఇలాంటి కేసులు తలనొప్పి తెచ్చాయి. నా పని దృష్టితో చూస్తే పంకాలో ఇంకో లోపం కనపడుతుంది. అది ఇటూ అటూ ఊగుతుంది. ఇటు వచ్చినప్పుడు ఎంత తోస్తుందో అటు పోయినప్పుడు అంతా వెనక్కి లాగుతుంది. గాలిని కలుపుతుంది తప్ప ఒక వైపుకు నడపలేదు. గాలికి ఒక దారి ఇచ్చి దాన్ని ఆగకుండా అటే తోసేది రెక్కలున్న చక్రం. అందుకే ఫ్యాను దెబ్బకు పంకా నిలవలేదు.

ఆ చక్రాన్ని కప్పుకు వేలాడదీసిన వాళ్ళలో మొదట చెప్పుకునే పేరు ఫిలిప్ డీల్. జర్మనీలో పుట్టి అమెరికా వెళ్ళి, న్యూజెర్సీలో సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో పనిచేసినవాడు. కుట్టుమిషనుకు తయారుచేసిన మోటారుకే రెక్కలు బిగించి పైన తగిలించాడు. ఇది 1880ల ముచ్చట. మన దేశంలోనూ ఆ చుట్టరికం కొనసాగింది చూడండి, కలకత్తా జే ఇంజనీరింగ్ వర్క్స్ వాళ్ళు ఉషా పేరుతో ముందు కుట్టుమిషన్లు, తరువాత ఫ్యాన్లు చేశారు. మా ఊళ్ళలో చాలా ఇళ్ళల్లో కిటికీ దగ్గర ఉషా మిషను, పైన ఉషా ఫ్యాను. కలకత్తాకు కరెంటు 1899లో వచ్చింది కాబట్టి ఫ్యాన్ల వ్యాపారమూ అక్కడే వేళ్ళూనుకుంది. ఓరియంటుదీ ఆ ఊరే.

మా మెట్టకు ఇవన్నీ చేరడానికి చాలా కాలం పట్టింది. ఎక్కడో ఒరిస్సా సరిహద్దున మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో మొదలై లైన్లు కోస్తాలోకి దిగాయి. 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు పుట్టింది. ఊళ్ళకు స్తంభాలు పాతడం ఆ తరువాత ఇరవై ఏళ్ళ పని. ముందు తాలూకా ఆఫీసు, ఆసుపత్రి, సినిమా హాలు, షావుకారి ఇల్లు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక ఎడమ కాలువ కింద మా వైపు పొలాలకూ ఆశ పుట్టింది. చివరి భూములకు నీళ్ళు సరిగా అందక బోర్లు, బావులు, వాటికి మోటార్లు. మోటార్లతో పాటు వైండింగ్ షాపులు. 1979లో మాకు నలభై కిలోమీటర్ల లోపే, ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషను మొదటి యూనిట్ తిరిగింది. 210 మెగావాట్లు. తరువాత దానికి బోర్డు చైర్మన్‌గా చేసిన నార్ల తాతారావు గారి పేరు పెట్టారు. దాని గొట్టాల పొగ చూస్తూ బస్సులో బెజవాడ పోయేవాళ్ళం. అంత దగ్గర కరెంటు పుట్టినా రోహిణి కార్తెలో సాయంత్రం అయ్యేసరికి మా ఇళ్ళల్లో వోల్టేజీ నూట డెబ్భైకి పడేది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకునేంత నింపాదిగా తిరిగేవి.

ఫ్యాను దిక్కు సంగతి మా ఊళ్ళవాళ్ళకు మొదట తెలిసింది ఫ్యాను వల్ల కాదు, పొలం మోటారు వల్ల. మోటారుకు మూడు ఫేజులు. వాటిలో ఏ రెండు వైర్లు తారుమారైనా ఉల్టా తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి కొత్తది బిగించినప్పుడు లైన్‌మన్ వైర్లు ఇటువి అటు కలిపితే మర్నాడు ఊళ్ళో మోటార్లన్నీ ఎదురు తిరిగేవి. పంపు మోత మామూలుగానే ఉంటుంది, నీళ్ళు మాత్రం సన్నగా, లేదంటే అసలు రావు. రైతు స్టార్టరు డబ్బా తెరిచి రెండు వైర్లు మార్చుకుని పని చూసుకునేవాడు. అందుకే మా వైపు రైతులకు ఇంట్లో ఫ్యాను తిరుగుతూ గాలి రాకపోతే సంగతి చప్పున తెలుస్తుంది. “బాబాయ్, తిరుగుడైతే తిరుగుతోంది, గాలి రావట్లా. ఫేజు మారిందేమో చూడు” అంటూ వస్తారు. ఇంటి ఫ్యానుకు మూడు ఫేజులు ఉండవు. కానీ వాళ్ళ అనుమానం సరైనదే.

ఇక్కడ నా వృత్తి సంగతి కాస్త విడమరిచి చెప్పాలి. ఇంటి ఫ్యాను మోటారులో తిరిగేది లోపలిది కాదు, బయటి బాడీ. కాయిల్ చుట్టిన కోరు షాఫ్టుకు బిగించి కదలకుండా ఉంటుంది. దాని చుట్టూ బాడీ రెక్కలను మోసుకుంటూ తిరుగుతుంది. కోరు మీద కాయిళ్ళు రెండు వరసలు, ఒకటి రన్నింగు, రెండోది స్టార్టింగు. పన్నెండు ప్లస్ పన్నెండు, పద్నాలుగు ప్లస్ పద్నాలుగు, పదహారు ప్లస్ పదహారు అని షాపులో ఫ్యానును ఆ లెక్కతోనే పిలుస్తాం. కాయిళ్ళు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. బయటికి వచ్చే వైర్లు మూడు: కామన్, రన్నింగు, స్టార్టింగు. రన్నింగుకూ స్టార్టింగుకూ మధ్య కండెన్సర్, మామూలుగా 2.5 మైక్రోఫారడ్‌ది. ఇంటి కరెంటుకు దానంతట దానికి ఒక వైపు అంటూ లేదు. కండెన్సర్ గుండా పోయే కరెంటు రెండో దానికంటే ఒకడుగు ముందుంటుంది. ఆ తేడాయే బాడీని ఒక వైపుకు తోస్తుంది. లైను వైరును కండెన్సర్ ఈ కాలు నుంచి తీసి ఆ కాలుకు కలిపితే ముందున్నది వెనక్కి పోయి ఫ్యాను ఉల్టా తిరుగుతుంది.

కండెన్సర్ పూర్తిగా చచ్చిపోతే ఇంకా తమాషా. స్విచ్చి వేస్తే ఫ్యాను సన్నగా మూలుగుతూ నిలబడిపోతుంది. కర్ర పెట్టి ఎటు తోస్తే అటు తిరుగుతుంది. మా చిన్నతనంలో ఎన్ని ఇళ్ళల్లో ఫ్యాను కర్ర అని ఒకటి మూలకు ఉండేదో! పిల్లలు మంచం ఎక్కి చెరో వైపుకు తోసి ఆడుకునేవాళ్ళు. ఆ ఇళ్ళల్లో గాలి రోజుకో దిక్కు.

మరి వైండింగ్ చేసిన ఫ్యాను ఉల్టా తిరగడం ఎందుకంత మామూలు? కారణం ఒకటి మా షాపులో ఉంది, ఒకటి మీ ఇంట్లో ఉంది. మీరు రెక్కలు విప్పి ఇంట్లో మంచం కింద పెట్టి ఒట్టి మోటారు సంచిలో వేసుకుని తెస్తారు. మేము పాత కాయిల్ కోసి, చుట్లు లెక్కపెట్టి, కొత్త లెదరాయిడ్ పేపరు దోపి, తీగ చుట్టి, వార్నిష్ పోసి, ఆరబెట్టి, బల్ల మీద పెట్టి కరెంటు ఇస్తాం. తిరిగింది, వేడెక్కలేదు, చప్పుడు లేదు. సరే, ఇచ్చేస్తాం. రెక్కలు లేని మోటారు ఎటు తిరిగినా షాపులో తేడా తెలియదు. పైగా బల్ల మీద మోటారు షాఫ్టు పైకి ఉండేటట్టు కూర్చుంటుంది, దాన్ని మేము పై నుంచి చూస్తాం. మీరు ఇంట్లో కింద నుంచి చూస్తారు. పై నుంచి గడియారం ముల్లులాగా కనపడే తిరుగుడు కింద నుంచి చూస్తే దానికి ఎదురు. పనికి కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడూ ఇక్కడ తికమక పడతాడు. అందుకే మా మేస్త్రిగారు మోటారు విప్పక ముందే బాడీ మీద సుద్దముక్కతో బాణం గుర్తు వేయించేవారు. కాయిల్ ఎంత అందంగా చుట్టినా బాణం వెయ్యకపోతే ఆ రోజు టీ లేదు.

రెక్కలు కూడా తెచ్చినప్పుడు ఇంకో ఆనవాలు దొరుకుతుంది. తుడవని రెక్కకు ఒక అంచున నల్లటి దుమ్ము మీసంలాగా పేరుకుని ఉంటుంది. గాలిని కోస్తూ ముందు నడిచే అంచు అదే. ఆ మీసం ఏ అంచుకు ఉందో చూస్తే ఇన్నేళ్ళూ ఫ్యాను ఎటు తిరిగిందో చెప్పేయవచ్చు. ఒకసారి ఒక గుడి ఫ్యాను వచ్చింది. దాత పేరు ఎర్ర రంగుతో రాసిన రెక్క మీద దుమ్మంతా వెనక ఉండాల్సిన అంచుకే పట్టి ఉంది. అంటే ఎవరో ఎప్పుడో తప్పు కలిపారు, భక్తులు ఏళ్ళ తరబడి గాలి కప్పుకు కొట్టే ఫ్యాను కింద కూర్చుని చెమటలు తుడుచుకున్నారు. దేవుడి సన్నిధిలో ఉక్కపోతను కూడా పుణ్యంలో కలుపుకున్నట్టున్నారు.

రెక్క మీద పేరు రాయించడం గురించి చాలామంది వేళాకోళం చేస్తారు. నేను చెయ్యను. వైశాఖంలో విసనకర్ర దానం చేసిన వాళ్ళ మనవలే ఇప్పుడు గుడికీ బడికీ ఫ్యాను ఇస్తున్నారు. అంతకంటే పాత రుజువు మా జగ్గయ్యపేటలోనే ఉంది. ఊరి పక్క ధనబోడు గుట్ట మీద బౌద్ధ స్తూపం. 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్గెస్ వచ్చి దాన్ని పరిశీలించి, 1887లో అమరావతి స్తూపంతో కలిపి పుస్తకం వేశాడు. పల్నాటి సున్నపురాయి పలకలు, వాటిలో పేరుపడ్డది మాంధాత చక్రవర్తి శిల్పం. అక్కడి శాసనాల్లో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే ఒక పనివాడు స్తూపానికి తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు ఇచ్చానని తన పేరూ తండ్రి పేరూ ఊరి పేరూ చెక్కించాడు. రాజూ కాదు, షావుకారూ కాదు, చేతిపని మీద బతికేవాడు. మా బోటివాడు. జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు బేతవోలు పక్కన ఈ జగ్గయ్యపేట కట్టించి తండ్రి పేరు పెట్టడానికి పదిహేను వందల ఏళ్ళ ముందే ఈ నేల మీద ఇచ్చినవాడి పేరు రాతికి ఎక్కింది. ఇప్పుడు రేకుకు ఎక్కుతోంది.

పేరు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఈ మధ్య ఫ్యాను ఒక పార్టీ గుర్తు అయ్యాక మా కష్టాలు మాకున్నాయి. ఎన్నికలప్పుడు షాపు ముందు ఫ్యాను వేలాడదీస్తే, వాడు ఫలానా పార్టీవాడు అంటారు. దించేస్తే, అవతలి పార్టీలోకి పోయాడు అంటారు. రిపేరుకు వచ్చినవి ఎక్కడ పెట్టుకోవాలి?

ఇక వేసవి సుఖం సంగతి. 1980ల్లో మా వైపు శ్లాబు ఇళ్ళు బాగా పెరిగాయి. జయంతిపురంలో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది, ప్రభుత్వం పక్కా ఇళ్ళు కట్టించింది, ఉన్నవాళ్ళు పెంకులు దించి డాబాలు పోశారు. శ్లాబు పోసేటప్పుడే ఫ్యాను కొక్కెం ఇనపచువ్వకు కట్టి పెట్టేవారు. తాటాకు కింద, పెంకు కింద బతికినవాళ్ళం సిమెంటు కిందికి వచ్చాం. పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రి చాలాసేపటి వరకూ ఆ వేడి కిందికి వదులుతూనే ఉంటుంది. పడమటి గోడకు కిటికీలు పెట్టాం, మండువా మూసేశాం, పెంకుల సందులు పోయాయి. వేడి పోవడానికి దారి లేని గదిలో ఫ్యాను వేసి, వేడి గాలి కొడుతోందని ఫ్యానును తిట్టడం మొదలుపెట్టాం.

అప్పుడే ఆ కోరిక పుట్టింది. “శ్లాబు వేడంతా నెత్తిన పోస్తోంది, దీన్ని ఉల్టా తిప్పెయ్యి అన్నా, వేడిని పైకి లాగేస్తుంది” అని అడిగేవాళ్ళు ప్రతి మే నెలలోనూ ఉంటారు. కావాలంటే రెండు నిమిషాల పని. కానీ పైకి తోసిన గాలి ఎక్కడికి పోతుంది? శ్లాబుకు తగిలి, దాని వేడిని మోసుకుని, గోడల వెంట కిందికే దిగుతుంది. గది వేడి గదిలోనే ఉంటుంది. మంచం మీద మనిషికి తగలాల్సిన గాలి మాత్రం తగలదు. ఫ్యాను గదిని చల్లబరచదు, అసలు మోటారు వేడి కాస్త కలుపుతుంది కూడా. అది చేసేదల్లా ఒంటి మీద చెమటను ఆరబెట్టడం. ఆ ఆరడంలోనే చల్లదనం. కాబట్టి గాలి ఒంటికి తగలాలి, కిందికి రావాలి.

ఉల్టా తిప్పడం అనే పద్ధతి నిజంగా ఉన్నది చలిదేశాల్లో. డల్లాస్‌లో కొడుకు దగ్గర ఆరునెలలు ఉండి వచ్చిన ఒక పెద్దాయన, అక్కడి ఫ్యానుకు మోటారు పక్కన చిన్న స్విచ్చి ఉంటుందని, వేసవిలో ఒక వైపు, చలికాలం ఇంకో వైపు తిప్పుతారని చెప్పి, మనవాళ్ళు అది ఎందుకు పెట్టరని నన్ను నిలదీశారు. అక్కడ చలికాలం ఇంట్లో హీటరు వేస్తారు. వేడి గాలి కప్పు దగ్గర చేరుకుంటుంది. ఫ్యానును నెమ్మదిగా ఉల్టా తిప్పితే మనుషులకు గాలి కొట్టకుండా ఆ వేడి గోడల వెంట కిందికి దిగుతుంది. నందిగామలో పుష్యమాసంలో కూడా హీటరు వేసుకునే ఇల్లు నేను చూడలేదు. మనకు ఆ స్విచ్చి దండగ.

ఎటు తిప్పాలన్న దానికంటే ఎండ ఎంత ఉన్నప్పుడు తిప్పాలన్నది పెద్ద ప్రశ్న. 2015 మే నెలలో మన రెండు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకు రెండు వేల మందికి పైగా పోయారు. చుట్టూ ఉన్న గాలి ఒంటి వేడిని మించిపోయాక ఫ్యాను గాలి చెమట ఆరబెడుతూనే ఒంటికి వేడి కూడా ఎక్కిస్తుంది. 40 డిగ్రీలు దాటాక ఒట్టి ఫ్యానును నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మాకు ఏప్రిల్ చివరి నుంచి మధ్యాహ్నాలు చాలావరకు ఆ లెక్కలోనివే. ముసలివాళ్ళను తలుపులు మూసిన రేకుల గదిలో ఫ్యాను కింద పడుకోబెట్టి పనికి పోవడం ప్రమాదం. ఒంటి మీద తడిబట్ట, తాగడానికి నీళ్ళు, మజ్జిగ ఉంటేనే ఆ ఫ్యానుకు అర్థం ఉంది. చెమట పట్టని ఒంటిని ఫ్యాను ఏం ఆరబెడుతుంది?

మెట్టకు దేవుడిచ్చిన వరం ఒకటుంది, పొడిగాలి. అందుకే గడ్డి మెత్తలు పెట్టి నీళ్ళు కారే కూలరు మా దగ్గర బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అదే కూలరు బందరులో పెడితే ఒళ్ళు జిడ్డు తప్ప చల్లదనం ఉండదు. కూలరుకు కూడా దిక్కు ఉంది. దాని వీపు కిటికీ బయటికి ఉండాలి, ఎదుటి వైపు కిటికీ ఒకటి తెరిచి ఉండాలి. తలుపులన్నీ మూసి గది మధ్యలో పెట్టుకుంటే గంటలో మా ఊరు కాస్తా బందరు అవుతుంది. తడిపిన గోనె నుంచి మనం నడిచిన దూరం ఎంతో కాదు, దానికి ఒక మోటారు చేర్చాం, అంతే.

డాబా మీద సున్నం కొట్టడం మా వైపు ముసలివాళ్ళకు తెలిసిన పనే. సరిహద్దు అవతల తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం అని దానికోసం ఏకంగా ఒక పాలసీ తెచ్చింది. మంచిదే. శ్లాబు తెల్లగా ఉంటే ఫ్యాను కిందికి తెచ్చే గాలిలో మంట తగ్గుతుంది. ఇంకో సంగతి: ఫ్యానును శ్లాబుకు అంటించినట్టు బిగించకండి. పై నుంచి గాలి తీసుకోవడానికి కనీసం ఒక అడుగు ఖాళీ కావాలి. ఎత్తు తక్కువ గది అని రాడ్డు కోయించుకున్నవాళ్ళు ఫ్యాను ఊపిరి తీసినవాళ్ళే. రాత్రి పైరగాలి తగలగానే తూర్పు, దక్షిణం కిటికీలు తెరిచి, పడమటి కిటికీలో టేబుల్ ఫ్యాను మొహం బయటికి తిప్పి పెట్టి చూడండి. గదిలో వేడి బయటికి పోతుంది, చల్లగాలి దానంతటదే లోపలికి వస్తుంది. ఫ్యానును ఉల్టా తిప్పాలన్న మోజు ఉన్నవాళ్ళు తీర్చుకోవాల్సిన పద్ధతి అది.

మా పనికి రోజులు దగ్గరపడ్డాయి. 2023 జనవరి 1 నుంచి సీలింగు ఫ్యానుకు నక్షత్రాల లేబుల్ తప్పనిసరి అయింది. 75 వాట్లు తాగే పాత ఫ్యాను పోయి 30 వాట్ల చుట్టూ తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు వస్తున్నాయి. వాటికి కండెన్సర్ ఉండదు, ఒక చిన్న బోర్డు ఉంటుంది. కొన్నిటికి రిమోట్‌లోనే ఉల్టా బటన్ కూడా. బోర్డు పోతే కొత్త బోర్డు కొనడమే, చుట్టడానికి ఏమీ లేదు. ఫ్యాను తాగే కరెంటు సగానికి పైగా తగ్గుతుంది కాబట్టి కొనవద్దని నేను చెప్పలేను. మా అబ్బాయి ఆ బోర్డుల పని నేర్చుకుంటున్నాడు.

అంతవరకూ పాత ఫ్యాన్లున్న వాళ్ళకు మొదట్లో అడిగిన ప్రశ్నకు సమాధానం. స్విచ్చి ఆపి ఫ్యాను కింద నిలబడి ఒక రెక్కను చూడండి. దాని రెండు అంచుల్లో ఒకటి కప్పు వైపు లేచి ఉంటుంది, ఒకటి కిందికి వాలి ఉంటుంది. ఫ్యాను తిరిగేటప్పుడు పైకి లేచిన అంచు ముందు నడవాలి. అలా నడిస్తే గాలి కిందికి వస్తుంది. మన ఇళ్ళల్లో ఇంచుమించు అన్ని ఫ్యాన్లూ కింద నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిరగాలి. వైండింగ్‌కు ఇచ్చినప్పుడు ఒట్టి మోటారు తెచ్చుకునే ముందు షాపులోనే కరెంటు పెట్టించి, షాఫ్టు వైపు నుంచి చూడండి, గడియారం ముల్లులాగా తిరుగుతుంటే సరే. ఎదురు తిరిగితే అక్కడే మార్పించుకోండి. దానికి ఏ మేస్త్రీ డబ్బులు అడగకూడదు, మీరూ ఇవ్వకూడదు.